వాళ్ళు అప్పగించి వెళ్ళిన పనులు

కార్గిల్ యుద్ధంలో చనిపోయిన కెప్టెన్ విజయంత్ థాపర్ ఇంటికి రాసిపెట్టి వెళ్ళిన చివరి ఉత్తరం మీలో చాలామంది చదివే ఉంటారు. ఏటా జులై 26, కార్గిల్ విజయ దినం వచ్చిందంటే వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. అందులో అందరూ ఎత్తి రాసుకునేది ఒక్క మాటే: మళ్ళీ మనిషి పుట్టుక పుడితే మళ్ళీ సైన్యంలోనే చేరి దేశం కోసం పోరాడతానన్న మాట. ఒళ్ళు జలదరిస్తుంది, నిజమే. కానీ నేను ఆ ఉత్తరం ఎప్పుడు చదివినా ఆగిపోయేది ఆ మాట దగ్గర కాదు, ఆ తర్వాత వచ్చే పనుల దగ్గర.

తన శరీరంలో పనికొచ్చే అవయవాలేవైనా ఉంటే తీసుకోవచ్చన్నాడు. అనాథాశ్రమానికి కొంత డబ్బు ఇవ్వమన్నాడు. కొత్తగా పటాలంలో చేరే కుర్రాళ్ళకు ఈ త్యాగం గురించి చెప్పాలన్నాడు. పటాలంలో తన కంపెనీ గుడిలో కర్ణీమాత దగ్గర తన ఫొటో కూడా ఉంచుతారని ఆశపడ్డాడు. వీలైతే ఒకసారి వచ్చి సైన్యం ఎక్కడ పోరాడిందో చూసి వెళ్ళమని అమ్మానాన్నలను అడిగాడు. వీటన్నిటి మధ్యలో ఇంకో పని ఉంది. ఒక చిన్నపిల్లకు నెలకు 50 రూపాయలు ఇస్తూ ఉండమన్నాడు.

ఆ పిల్లది కాశ్మీరులోని కుప్వారా. కళ్ళ ముందే తండ్రిని ఉగ్రవాదులు చంపేస్తే మాట పడిపోయింది. అక్కడ డ్యూటీలో ఉన్నప్పుడు విజయంత్ ఆ పిల్లను చేరదీశాడు. తర్వాత యుద్ధం వచ్చింది, పటాలం కార్గిల్ ప్రాంతంలోని ద్రాస్ వైపు కదిలింది. అతని వయసు 22. ఎక్కాల్సిన కొండ ఎదురుగా ఉంది. తిరిగి రాకపోవచ్చని తెలిసే ఆ ఉత్తరం రాశాడు. అలాంటప్పుడు కూడా ఎక్కడో ఉన్న ఒక పిల్లకు ప్రతినెలా అందాల్సిన 50 రూపాయలు అతనికి గుర్తున్నాయి.

ఇంతకంటే పెద్ద వీరత్వం నాకు తెలియదు. కొండ ఎక్కడం చిన్న విషయమని కాదు. ఆ రాత్రి ఎలాంటిదో తెలిస్తే ఆ మాట ఎవరూ అనరు.

1999 జూన్ 28. ద్రాస్ దగ్గర త్రీ పింపుల్స్ అని పిలిచే శిఖరాలు. వాటి మీదికి పంపింది 2 రాజపుతానా రైఫిల్స్‌ను. రెండు వారాల ముందే తోలోలింగ్ శిఖరాన్ని తీసుకుని, మనుషుల్ని పోగొట్టుకుని, సరిగా ఊపిరి కూడా తీసుకోని పటాలం అది. ఆ రాత్రి పౌర్ణమి. చెట్టూ చేమా లేని రాతి కొండ, పదిహేను వేల అడుగుల పైమాటు ఎత్తు, పైన బంకర్లలో మెషిన్ గన్లు పట్టుకుని కూర్చున్నవాళ్ళు. అంత వెన్నెల్లో కింది నుంచి ఎక్కేవాడు దాక్కోవడానికి చోటెక్కడ? ఆ పటాలం ఆ రాత్రి పోగొట్టుకున్న వాళ్ళలో ముగ్గురు అధికారుల గురించి నేను పదేపదే చదివాను. ఒకరు విజయంత్. ఇంకొకరు నాగాలాండ్ నుంచి వచ్చిన కెప్టెన్ కెంగురూసె. పాతికేళ్ళు నిండలేదు. మంచు పట్టిన నిట్టనిలువు బండ మీద బూట్లు జారుతున్నాయని వాటిని విప్పేసి, గడ్డకట్టే చలిలో వట్టి పాదాలతో ఎక్కాడు. మూడో ఆయన మేజర్ పద్మపాణి ఆచార్య. ఒడిశా మూలాలున్న కుటుంబం, పెరిగింది హైదరాబాదులో, చదివింది ఉస్మానియాలో. కెంగురూసెకు, ఆచార్యకు మహావీర చక్ర, విజయంత్‌కు వీర చక్ర ఇచ్చారు. వీళ్ళతో పాటు అదే కొండ మీద చనిపోయిన జవాన్ల ఉత్తరాలు ఇలా అచ్చుకెక్కలేదు. వాళ్ళూ ఎవరికో ఏదో రాసే ఉంటారు. ఆ కాగితాలు ఏ ట్రంకు పెట్టెల్లోనో ఉండి ఉంటాయి.

పద్మపాణి ఆచార్య కూడా ఉత్తరం రాశారు, జూన్ 19న, వాళ్ళ నాన్నకు. నాన్న వాయుసేనలో పనిచేసిన మనిషి కాబట్టి యుద్ధం ఎలా ఉంటుందో ఆయనకు విడమరిచి చెప్పనక్కర్లేదు. ప్రాణనష్టం గురించి దిగులు పడొద్దని, అది తమ వృత్తిలో ఉన్నదేనని రాశారు. ఆ ఉత్తరంలోనూ ఒక పని ఉంది. అప్పటికి ఆయన భార్య కడుపుతో ఉన్నారు. ఆవిడకు రోజుకొక మహాభారత కథ చెప్పమని తండ్రిని అడిగారు, పుట్టబోయే బిడ్డకు మంచి నడత అబ్బాలని. ఆ తర్వాత రెండు రోజులకు ఆయన పుట్టినరోజు, ఇంకో వారానికి ఆ కొండ. కూతురు నాన్న పోయిన కొన్ని నెలలకు పుట్టింది.

నెలకు 50 రూపాయలు, రోజుకొక కథ. ఈ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాక, చనిపోయిన సైనికుడికి కృతజ్ఞత ఎలా చెప్పాలన్న ప్రశ్నకు నాకు జవాబు దొరికినట్టే అనిపించింది. వాళ్ళే చెప్పి వెళ్ళారు. నన్ను పొగడండి అని రాయలేదు. నేను చేస్తూ వచ్చిన పని ఆగిపోకుండా చూడండి, నేను చేయాలనుకున్నది నా బదులు మీరు చేయండి అని రాశారు. ప్రాణం ఇచ్చిన మనిషికి మనం తిరిగి ఇవ్వగలిగింది ఏమీ లేదు, అతను లేడు కాబట్టి. అతని చేతిలోంచి జారిన పనిని అందుకోవడం మాత్రం మన చేతిలో ఉంది. మిగతావన్నీ దాని తర్వాతే అని నా గట్టి నమ్మకం.

విజయంత్ తండ్రి అలాగే చేశారు. ఆయనా సైన్యంలో కర్నల్‌గా చేసి రిటైరైన వారు. వచ్చి చూడమన్న కొడుకు మాట మీద ఏళ్ళ తరబడి ద్రాస్ వెళ్తూ వచ్చారు, డెబ్బై దాటాక కూడా. కుప్వారా పిల్లనూ వదిలిపెట్టలేదు.

మనం చేసేది ఏమిటి? మొదటి మూడు రోజులూ మనం తక్కువేం చేయం. కార్గిల్‌కు ముందు యుద్ధాల్లో పోయినవాళ్ళకు చాలావరకు అక్కడికక్కడే దహనం జరిగేది, ఇంటికి కబురే వచ్చేది. కార్గిల్ నుంచి జెండా కప్పిన పేటిక ఊరికి రావడం మొదలైంది. పేటిక వచ్చిన రోజు ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది. బడిపిల్లలు దారికి రెండు వైపులా పూలు పట్టుకుని నిలబడతారు. ముక్కూ ముఖం తెలియని మనుషులు వెక్కివెక్కి ఏడుస్తారు. ఆ ఏడుపు నిజమైనదే. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళంటే నాకు కోపం. నా దిగులంతా ఆ తర్వాతి సంవత్సరాల గురించి. పెద్దకర్మ అయిపోతుంది, ఫ్లెక్సీ ఎండకు వెలిసిపోతుంది, విగ్రహం పెడతామన్నవాళ్ళు బదిలీ మీద వెళ్ళిపోతారు. ఆ ఇంట్లో వాళ్ళ అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది.

మా ఊళ్ళో అలాంటి ఇల్లు ఒకటుంది. వరస కలవకపోయినా ఆవిడను నేను అత్తా అనే పిలుస్తాను. కొడుకు కాశ్మీరులో చనిపోయాడు. పెళ్ళి కాలేదు కాబట్టి పింఛను తల్లికి వస్తుంది. పింఛను ఆగకూడదంటే ఏటా నవంబరులో తాను బతికే ఉన్నానని రుజువు చూపించాలి. ఒకసారి తోడు వెళ్ళాను. వేలిముద్ర మిషను మీద బొటనవేలు పెట్టింది. తీసుకోలేదు. చీర చెంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది. చూపుడువేలు పెట్టింది. ఎడమచెయ్యి పెట్టింది. కౌంటరు అవతలి అమ్మాయి మంచిదే, తన సంచిలోంచి ఏదో క్రీము తీసి రాసి చూసింది. ఏళ్ళ తరబడి మిరప కోతలకు వెళ్ళిన చేతులవి. వేళ్ళ మీద గీతలన్నీ అరిగి నున్నగా అయిపోయాయి. మిషను ఎర్ర దీపం చూపిస్తూనే ఉంది. అత్త నా వైపు తిరిగి, "నేను బతికున్నానని నా వేలు చెప్పట్లేదంట అబ్బాయ్" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ముఖంలో ఉన్న సిగ్గు నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. సిగ్గుపడాల్సింది ఆవిడ కాదు.

నిజానికి 2021 నవంబరు నుంచే ముఖం చూపించి ఫోనులో ఆ ధ్రువపత్రం ఇచ్చే వీలు వచ్చింది. ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి ఐదు నిమిషాల్లో చేయొచ్చు. ఆ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఊళ్ళో స్మార్ట్ ఫోను లేని కుర్రాడు లేడు. ఆ ఇంటి ముందు నుంచే రోజూ తిరుగుతాం. ఆగస్టు 15న ఆ అబ్బాయి ఫొటోకు దండ వేస్తాం.

ఆ దారిలో బస్సులో అత్త చెప్పిన కబుర్లు చాలా ఉన్నాయి, అన్నీ ఇక్కడ రాయను. ఒకటి మాత్రం రాస్తాను. ఆఖరిసారి సెలవు మీద వచ్చినప్పుడు అబ్బాయి వెనక గదికి పునాది తీసి పిల్లర్లు పోయించాడు. వచ్చే సెలవుకు శ్లాబు వేస్తానన్నాడు. ఆ తర్వాత చాలాకాలం ఆ పిల్లర్ల మీద ఇనుప చువ్వలు తుప్పు పట్టి ఆకాశంలోకి నిలబడి ఉండేవి. అత్త వాటికి బట్టలారేసే తాడు కట్టింది. శ్లాబు వేయించింది చివరికి ఎవరో తెలుసా? వాళ్ళ సెక్షన్లో పనిచేసిన ఒక పంజాబీ హవల్దారు. తన సెలవులో మా ఊరొచ్చాడు. ఆయనకు తెలుగు రాదు, అత్తకు హిందీ రాదు. మేస్త్రీతో సైగలు చేసి మాట్లాడాడు, సిమెంటు బస్తాలు తానే మోశాడు, తోటివాళ్ళంతా కలిసి వేసుకున్న డబ్బు అణా పైసలతో లెక్క చెప్పి ఖర్చుపెట్టాడు. అత్త కూతురి పెళ్ళికి మళ్ళీ వచ్చి అన్న చేయాల్సినవన్నీ దగ్గరుండి చేశాడు.

సైనికులకు ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. పక్కవాడు పడిపోతే వాడు మోస్తున్న బరువును ఇంకొకడు ఎత్తుకోవడం వాళ్ళకు అలవాటు. పశ్చిమ గోదావరిలో మాధవరం లాంటి ఊళ్ళలోనూ అంతే. మిలిటరీ మాధవరం అని ఊరి పేరులోనే సైన్యం కలిసిపోయిన చోట, తరతరాలుగా ఇంటింటి నుంచీ పటాలానికి వెళ్ళిన చోట, సైనికుడు లేని ఇంటికి ఏం కావాలో పక్కింటికి తెలుసు. నేర్చుకోవాల్సింది మిగతా మనం.

సైనికుల భార్యల విషయంలో అయితే మనం కృతజ్ఞత పేరుతో అన్యాయమే చేశాం. పాతికేళ్ళు కూడా నిండని పిల్లలు. వీరనారి అని శాలువా కప్పాం. ఆ తర్వాత బతుకు తాను ఎంచుకోవాలనుకుంటే వేలెత్తి చూపాం. డబ్బు ఇంటి గడప దాటకూడదని మరిదికిచ్చి కట్టబెట్టాలని చూసిన కుటుంబాలున్నాయి. అంతెందుకు, ప్రభుత్వ నిబంధన కూడా ఆ వైపే మొగ్గింది. శౌర్య పతకంతో పాటు నెలనెలా వచ్చే భత్యం ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆగిపోయేది. చనిపోయిన భర్త అన్ననో తమ్ముణ్ణో చేసుకుంటే మాత్రం కొనసాగేది. ఆ షరతును రక్షణశాఖ 2017 నవంబరులో తీసేసింది. అప్పటికి కార్గిల్ యుద్ధం అయి 18 ఏళ్ళు. ఏ సైనికుడైనా తన భార్యకు అలాంటి షరతు పెట్టమని ఉత్తరం రాసి ఉంటాడా? ఆమె సుఖంగా ఉండాలన్నదే అతను అప్పగించి వెళ్ళిన పని. ఆమె పిల్లల్ని చదివించుకున్నా, ఉద్యోగం చేసినా, మనసుకు నచ్చినవాణ్ణి పెళ్ళాడినా ఆ పని నెరవేరుతున్నట్టే లెక్క.

ఇక్కడ ఇద్దరు స్నేహితులతో నాకు ఎప్పుడూ వాదన. ఒకతను యుద్ధమే తప్పంటాడు. సైనికుణ్ణి పొగడటం యుద్ధాన్ని పొగడటమే అవుతుందని అతని భయం. ఇంకొకతను శత్రువు మీద కసి లేనిదే దేశభక్తి లేదంటాడు. ఇద్దరితోనూ నేను ఏకీభవించను.

యుద్ధాన్ని ద్వేషించేవాడికే చనిపోయిన కుర్రాడి మీద ఎక్కువ బాధ్యత ఉందని నా అభిప్రాయం. యుద్ధం చేయాలా వద్దా అని ద్రాస్‌లో ఉన్న 22 ఏళ్ళ కెప్టెన్‌ను ఎవరూ అడగరు. నిర్ణయం వేరేవాళ్ళది, ప్రాణం అతనిది. అధికారిక లెక్కల ప్రకారం కార్గిల్‌లో మనవాళ్ళు 527 మంది పోయారు. ఆ 527 ఇళ్ళలో ఏం జరిగిందో దగ్గర నుంచి తెలిసిన సమాజం ఇంకో యుద్ధం కోసం తేలిగ్గా కేకలు పెట్టదు. గుర్తుపెట్టుకోవడం యుద్ధానికి ఆజ్యం పోయదు, పగ్గం వేస్తుంది.

ఇక కసి సంగతి. అదే యుద్ధంలో అవతలి వైపు ఏం జరిగిందో చూడండి. కొండల మీద ఉన్నవాళ్ళు తమ సైనికులు కారని పాకిస్తాన్ బుకాయించింది. చాలా శవాలను తీసుకోలేదు. చాలామందిని మన సైన్యమే ఆ మంచులో ఇస్లాం పద్ధతిలో ఖననం చేసింది. టైగర్ హిల్ దగ్గర చనిపోయిన వాళ్ళ కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ (కర్నల్ అన్నది అతని పేరులో భాగమే, హోదా కాదు) శవాన్ని వెనక్కి పంపేటప్పుడు, ఇతను గొప్పగా పోరాడాడని మన బ్రిగేడియర్ ఎం.పి.ఎస్. బాజ్వా ఒక చీటీ రాసి జేబులో పెట్టించారు. ఆ తర్వాత పాకిస్తాన్ అతనికి తమ అత్యున్నత పతకం నిషాన్-ఎ-హైదర్ ఇచ్చింది. మొత్తం 453 మంది పేర్లను వాళ్ళ సైన్యం తన వెబ్‌సైట్లో పెట్టింది 2010లో. ఆ పేర్లన్నీ బయటపెట్టడానికి పదకొండేళ్ళు పట్టింది. ఎదురుగా తుపాకీ పట్టుకుని పోరాడిన మనిషి ఇవ్వగలిగిన గౌరవాన్ని పంపించిన ప్రభుత్వం ఇవ్వలేకపోయింది. మనవాడి పేరు నిలబెట్టడానికి అవతలివాణ్ణి తిట్టక్కర్లేదని నాకు నేర్పింది ఆ చీటీయే.

మనం పేర్లు దాచలేదు. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో త్యాగ చక్రం ఉంది. వలయాకారపు గోడల్లో ఒక్కో గ్రానైట్ ఇటుక మీద ఒక్కో పేరు, స్వాతంత్ర్యం తర్వాత పోయినవాళ్ళవి, పాతికవేల పైచిలుకు. అధికారి పేరుకీ సిపాయి పేరుకీ ఇటుక కొలతలో తేడా లేదు. నాకు ఆ స్మారకంలో అన్నిటికంటే నచ్చింది ఆ సమానత్వమే.

ఆ ఇటుకలో ఉన్న సమానత్వం ఇంట్లో వాళ్ళకు అందే కాగితాల్లో ఎందుకు లేదన్నది ఇప్పుడు నన్ను వేధిస్తున్న ప్రశ్న. 2025 మే 9న నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండా అబ్బాయి మురళీ నాయక్ చనిపోయాడు. అమ్మానాన్నలు పొట్టకూటి కోసం ముంబై వెళ్ళిన కూలీలు. అతను అగ్నివీర్, అంటే నాలుగేళ్ళ ఒప్పందం మీద సైన్యంలో చేరినవాడు. రాష్ట్ర ప్రభుత్వం ఆ కుటుంబానికి సాయం ప్రకటించింది, మంత్రులు వెళ్ళారు, తండా దారులన్నీ జనంతో నిండిపోయాయి. అదంతా జరగాల్సిందే, జరిగింది. నేను అడిగేది కేంద్రం పెట్టిన నిబంధన గురించి. 2022లో వచ్చిన ఆ పథకం ప్రకారం విధుల్లో చనిపోయిన అగ్నివీర్ కుటుంబానికి 48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన సర్వీసు కాలానికి జీతం వస్తాయి. రెగ్యులర్ జవాను కుటుంబానికి జీవితాంతం నెలనెలా వచ్చే పింఛను మాత్రం వీళ్ళకు లేదు.

పెద్ద మొత్తమే కదా అంటారు కొందరు. అత్త ఇంట్లో మొదట్లో వచ్చిన మొత్తం ఏమైందో నాకు తెలుసు. అప్పులు తీరాయి, కొంత కూతురి చదువుకు పోయింది, కొంత చేబదులుగా వెళ్ళి తిరిగి రాలేదు. ముసలితనంలో ఆవిడను ఒకరి ముందు చెయ్యి చాచకుండా నిలబెట్టింది నెలనెలా వచ్చే పింఛనే. కొడుకు బతికుంటే నెలనెలా పంపేవాడు కదా, ఆ పనిని దేశం అందుకుంది. ఒకే బంకర్లో పక్కపక్కన నిలబడి ఒకే గుండుకు పడిపోయిన ఇద్దరిలో ఒకరి తల్లికి ఆ పని చేస్తాం, ఇంకొకరి తల్లికి చేయం అంటే, నాలుగేళ్ళ ఒప్పందం కాగితం చూపించి సరిపెట్టుకోగలమా? నావల్ల కాదు. ప్రాణం నాలుగేళ్ళకు ఇచ్చింది కాదు.

విధుల్లో చనిపోయిన ప్రతి అగ్నివీర్ కుటుంబానికి రెగ్యులర్ సైనికుడి కుటుంబంతో సమానంగా పింఛను ఇవ్వాలని మా ఎంపీకి ఒక పేజీ ఉత్తరం రాసి పంపాను. ఇంకా జవాబు రాలేదు. పార్లమెంటు సమావేశాలు మొదలయ్యే ముందు మళ్ళీ పంపుతాను, ఈసారి అత్త సంతకం బదులు వేలిముద్ర కూడా వేయించి. మీరూ మీ ఎంపీకి రాయండి. తెలుగులో రాసినా తీసుకుంటారు.